మెత్తని పక్క

"ఆదివారం ప్రార్థనకు ఆలస్యమవుతోందని తారురోడ్డు మీద గుర్రబ్బండి గట్టిగా తోలాను. తప్పు నాదే," అన్నాడు పక్క పొలం మెన్నో. అతని గుర్రం కొట్టంలో ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడి ఉంది. వడ్రంగి అట్లీ వంగి గిట్టను తాకాడు. కాలిపోతోంది.

కింద పరిచిన తెల్లటి పైన్ చెక్క పొట్టు మధ్య చాక్లెట్ రంగు పొట్టు కనిపించింది.

తన షెడ్డులోని చిత్రిక పొట్టును వారం వారం అట్లీయే బస్తాలకెత్తి ఈ కొట్టానికి పంపిస్తాడు. ఎప్పుడూ పైన్ పొట్టే. ఈ వారం మాత్రం ఒక పెళ్లి బల్ల కోసం నల్ల వాల్‌నట్ పలకలు చిత్రిక పట్టాడు. వెన్నలా తెగే చెక్క. నూనె రాస్తే లోపలి నుంచి వెలుగుతుంది. దాని పొట్టు తగిలితే గుర్రానికి గిట్టలు చెడతాయని గుర్రబ్బళ్ల మీదే తిరిగే ఈ ఓహైయో పల్లెల్లో బడిపిల్లలకు కూడా తెలుసు. బల్ల అందం చూసుకుని మురిసిపోతూ, బుద్ధి గడ్డి తిని, ఊడ్చిందంతా బస్తాల్లో కుక్కేశాడు.

అట్లీ పార అందుకుని పొట్టు బయటికి ఎత్తిపోయసాగాడు.

"అదేంట్రా, అది పడుకోడానికైనా ఉండనీ."

"నువ్వు తోలడం వల్ల కాదు మెన్నో. ఇందులో వాల్‌నట్ కలిసింది. నేనే చూసుకోలేదు."

మెన్నో తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అట్లీకి.

"నిన్న కుంటుతుంటే, కాళ్లకు మెత్తగా ఉంటుందని మిగతా బస్తాలు కూడా పరిచాను," అన్నాడు మెన్నో గుర్రం మెడ నిమురుతూ.