గడ్డంలోకి దిగిన మాటలు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది బస్సు డ్రైవరు, అంటే ఆ ఇంటి ఇల్లాలు. డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే టీ గటగటా తాగేసి, పక్క గదిలోకి తొంగి చూసి "నాన్నా, వెళ్ళొస్తా" అనేది. మొగుడి వైపు తిరిగి "ఏవండీ, నాన్న మాత్రలు మర్చిపోకండి" అని డిపోకి పరిగెత్తేది. మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు ఆగిపోయాక ఇంట్లో ఇద్దరు మగాళ్ళు మిగిలేవారు. ఒకడు కళ్ళద్దాల షాపు నడిపే అల్లుడు. రెండోవాడు, ఒకప్పుడు ఫుట్‌బాల్ రిఫరీగా చేసిన మామగారు.

వాళ్ళిద్దరికీ పడదు అనడానికి లేదు. పడకపోవడానికైనా నాలుగు మాటలు జరగాలి కదా. రిఫరీగారికి మైదానంలో విజిలు, ఇంట్లో కనుబొమ్మ. పెళ్ళయిన కొత్తలోంచీ అల్లుణ్ణి నేరుగా పలకరించిన పాపాన పోలేదు. అతను ఎదురుగానే కూర్చుని ఉన్నా, "అతను భోంచేశాడా?" అని కూతుర్ని అడిగేవాడు. అల్లుడూ తక్కువేం తినలేదు. "భోంచేశానని చెప్పు" అని భార్యకే జవాబిచ్చేవాడు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, మాటా పడిపోయాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ మందులన్నీ విడమరిచి చెప్పి, చివర్లో ఇంకో సంగతి చెప్పింది.

"రక్తం పల్చబడడానికి మాత్రలిస్తున్నాం. చిన్న గాటు పడినా నెత్తురు ఓ పట్టాన ఆగదు. బ్లేడు జోలికి పోకుండా కరెంటు షేవరే వాడండి. ఇక ఆయన మాటలన్నీ గడ్డంలోకి దిగిపోయాయి. రోజూ గీస్తుంటే వినిపిస్తాయి."

"పరగడుపునా, తిన్నాకా?" అని అడిగింది కూతురు.

"ఎప్పుడైనా ఫరవాలేదమ్మా. రోజూ ఒకే వేళకైతే మంచిది."

ఆవిడకి పొద్దున డ్యూటీ. అల్లుడి షాపు తెరిచేది ఎండెక్కాక. కాబట్టి గడ్డం గీసే పని ఎవరూ అప్పగించకుండానే అతని నెత్తిన పడింది.

షేవరే కదా అని మొదట దారిలో కనబడిందేదో కొనుక్కొచ్చాడు. అది గీయలేదు, పీకింది. మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షేవరులోంచి "క్... ర్... అమ్..." అని ముక్కలు తప్ప మాట రాలేదు. అల్లుడికి ప్రాణం చివుక్కుమంది. దాన్ని అలాగే పక్కన పడేసి, ఈసారి పెద్ద షాపుకి వెళ్ళాడు.

కౌంటరు దగ్గరి అమ్మాయి "మాట్లాడే గడ్డమా అండీ, మామూలుదా?" అని అడిగింది.

"మాట్లాడేదే. మా మామగారిది."

"రోజూ గీస్తారా, నాలుగు రోజులకోసారా?"

"రోజూ."

"అయితే ఈ మూడు చక్రాలది మీకొద్దు. కాస్త పెరిగిన గడ్డానికి ఇది హాయి. కానీ గుండ్రంగా తిరుగుతుందా, చెప్పిందే చెబుతుంది. మా పెదనాన్నకి ఇదే కొన్నాం. ఏడాది పొడుగునా ఒకే పెళ్ళి గొడవ విన్నాం." నవ్వి, ఇంకోటి తీసింది. దాని తలమీద పల్చటి రేకు జాలీ ఉంది. "ఇది తిన్నగా పోతుంది, మాటా తిన్నగా వస్తుంది. చేత్తో పట్టుకుని చూడండి. గీసేది మీరు, మీ మణికట్టు నొప్పెట్టకూడదు. నీళ్ళ కింద కడగొచ్చు. జాలీ అరిగిపోతే విడిగా దొరుకుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, కడగడం మానకండి. నిన్నటి వెంట్రుక లోపల ఉండిపోతే నిన్నటి మాట ఉండిపోయినట్టే."

మర్నాడు కూతురు సెలవు పెట్టింది. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపి తండ్రి చేతులు పట్టుకుని కూర్చుంది. అల్లుడు ఎడమ చేత్తో చెంప చర్మాన్ని మెల్లగా లాగి పట్టి, వెంట్రుక మొలిచిన దిశకి ఎదురుగా షేవరు జరిపాడు. గుయ్యిమనే చప్పుడులోంచి ఆ పాత గొంతే, కాస్త దూరం నుంచి వచ్చినట్టు పలికింది.

"కిటికీ వెయ్యమ్మా. చలి."

కూతురు లేచి కిటికీ వేసి, రెక్క మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది.

అప్పట్నుంచి అదో అలవాటైపోయింది. షేవరు పలికేవి గొప్ప మాటలేం కావు. మాత్ర చేదుగా ఉంది. పై అంతస్తు వాళ్ళు కుర్చీలు ఈడుస్తున్నారు. టీవీలో నిన్న ఆ గోల్ ఇవ్వకూడదు, కళ్ళు పోయాయా వాడికి. ఎదురుగా ఉన్నది అల్లుడొక్కడే అయినా "అతను సబ్బు మార్చినట్టున్నాడు" అనే అనేవాడు మామగారు. "మార్చాను మామయ్యగారూ, బాలేదా?" అనేవాడు అల్లుడు గోడకి చెప్పినట్టు. జవాబు మర్నాడు గడ్డంలో వచ్చేది. అలా ఒక్కో మాటకి ఒక్కో రోజు పట్టినా, పెళ్ళయిన ఇన్నేళ్ళలో లేనన్ని మాటలు వాళ్ళిద్దరి మధ్యా నడిచాయి.

ఇంతలో బళ్ళు తెరిచారు. పిల్లలందరికీ కళ్ళ పరీక్షలు, కొత్త అద్దాలు. అల్లుడికి షాపులో ఊపిరి సలపలేదు. పొద్దున్నే షేవరు హడావిడిగా తిప్పి, వాష్ బేసిను అంచుకి రెండు దెబ్బలు కొట్టి, పక్కన పెట్టేసి పరిగెత్తేవాడు. కడగడం రేపు, రేపు అంటూ వెనక్కి పోయింది. గొంతు బొంగురుపోతోందని గమనించాడు గానీ, మామగారికి జలుబు చేసిందనుకున్నాడు.

అప్పుడే డ్రైవరమ్మ అన్న దిగాడు. వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం. వస్తూనే విషయంలోకి వచ్చాడు.

"నాన్నకి మా ఊళ్ళో ఒక హోములో గది చూశాను. నర్సులుంటారు. రేపు సాయంత్రం వ్యాను వస్తుంది."

"నన్నడక్కుండా వ్యాను పిలిచావా అన్నయ్యా?"

"నువ్వు పొద్దున పోతే మధ్యాహ్నానికి గాని రావు. బావగారికి షాపుంది. ఆయన మాత్రం ఎన్నాళ్ళని చేస్తారు? సొంత తండ్రి కూడా కాదు."

అల్లుడికి చెంప మీద కొట్టినట్టయింది. అన్నాచెల్లెళ్ళు అరుచుకుని అరుచుకుని, చివరికి నాన్ననే అడుగుదాం అని తేల్చారు. తెల్లారాక ముగ్గురూ కుర్చీ చుట్టూ నిలబడ్డారు. అల్లుడు షేవరు ఆన్ చేశాడు. బొంగురు గొంతు తడబడుతూ వచ్చింది.

"పంపెయ్... ఇక్కడొద్దు... ఊపిరాడట్లేదు... పంపెయ్..."

కూతురి మొహం పాలిపోయింది. బ్యాగు భుజానికి తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. అన్న ఫోను తీశాడు. "విన్నారుగా బావగారూ. ఇందులో నా బలవంతం ఏమీ లేదు."

మామగారు మాత్రం ఎడమ చేత్తో కుర్చీ చేతిని దబదబా బాదుతున్నాడు. రిఫరీ చెయ్యి అది. మైదానంలో ఆట ఆపమన్నప్పుడు ఎలా లేచేదో అలా లేచి పడుతోంది.

అల్లుడు అక్కడే నిలబడిపోయాడు. పంపెయ్ అన్న మాట తను ఇంతకుముందు విన్నాడు. మొన్నెప్పుడో తలుపు కొట్టి నీళ్ళ ఫిల్టరు అమ్మబోయిన మనిషి గురించి. ఇక్కడొద్దు అన్నది దిండు గురించి. ఊపిరాడట్లేదు అన్నది మెడకి చుట్టిన మఫ్లరు గురించి. గబగబా షేవరు తల విప్పాడు. లోపల బూడిదరంగు వెంట్రుక పొడి దూదిలా గట్టిగా కూరుకుపోయి ఉంది.

"బావగారూ, ఫోను పెట్టేయండి. ఇవన్నీ పాత మాటలు. తప్పు నాది, నేను కడగలేదు."

"ఇప్పుడిలా అంటే ఎలా?"

"ఇవాళ్టి మాట ఇంకా ఆయన లోపలే ఉండిపోయింది, అది రేపటి గడ్డంలో మొలవాలి. ఒక్కరోజు ఆగండి. రేపు ఆయన వెళ్తానంటే నేనే ఎత్తుకెళ్ళి వ్యానులో కూర్చోబెడతాను."

అన్న చాలాసేపు తండ్రి చేతిని చూశాడు. చివరికి వ్యాను వాళ్ళకి ఫోను చేసి రేపు పొద్దున రమ్మన్నాడు.

ఆ రోజు షాపు తెరవలేదు. అల్లుడు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి కూర్చున్నాడు. జాలీని బ్రష్షుతో తాకలేదు, అది సున్నితం. చేత్తో పట్టుకుని మెల్లగా తట్టాడు. లోపలి బ్లేడు వరసల్ని చిన్న బ్రష్షుతో ఒక్కొక్కటే ఊడ్చాడు. గుడ్డ మీద రాలిన పొడి గుసగుసలాడింది. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"పాపం, తొందరలో ఉన్నాడు."

ఇంకో చోట ఊడ్చాడు.

"అతని చెయ్యి మెత్తన. చెప్పాలి. ఎలా చెప్పాలో."

అల్లుడి చేతిలో బ్రష్షు ఆగింది. మధ్యాహ్నం ఇంటికొచ్చిన భార్య మొహం ముడుచుకునే వచ్చింది గానీ, బల్ల దగ్గర మొగుణ్ణి చూసి పక్కన కూలబడింది. ఇద్దరూ కలిసి ఆ పొడంతా ఊడ్చి విన్నారు. ఆవిడ గురించి ఉంది, బస్సు గురించి ఉంది, వర్షంలో డ్యూటీ గురించి బెంగ ఉంది. వెళ్ళిపోతానన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

కళ్ళద్దాలకి వాడే భూతద్దంతో జాలీని చూస్తే అంచున వెంట్రుకవాసి చీలిక కనిపించింది. వెళ్ళి కొత్త జాలీ తెచ్చాడు. బ్లేడుని గోరువెచ్చని నీళ్ళలో చుక్క సబ్బుతో కడిగి, తల విప్పి ఉంచే ఆరబెట్టి, పల్చటి నూనె ఒక్క బొట్టు వేసి, చార్జింగు పెట్టాడు.

మర్నాడు పొద్దున డ్రైవరమ్మ డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉంది. కింద వ్యాను వచ్చి ఆగింది. అల్లుడు షేవరుని అన్న చేతికిచ్చాడు.

"మీరే గీయండి. మీ చెవులతో మీరే వినండి."

అన్న షేవరుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఊహ తెలిశాక తండ్రి మొహాన్ని తాకిన మనిషి కాదు. చెంప మీద షేవరు ఆనించగానే, కడిగిన గ్లాసులా నిగ్గుదేలిన గొంతు పలికింది.

"గట్టిగా నొక్కకురా. అతన్ని చూసి నేర్చుకో."

అన్న షేవరు వెనక్కి తీశాడు. అల్లుడు అతని మణికట్టు పట్టుకుని మళ్ళీ ఆనించాడు. "భయపడకండి. మెల్లగా, కింది నుంచి పైకి."

"ఆ వ్యాను ఎవడు పిలిచాడు?" అంది గొంతు. "నేనెక్కడికీ రాను. నిన్న చెబుదామంటే నోరు లేదు, చేత్తో బాదితే ఎవరికీ అర్థం కాదు. నీకు నన్ను చూడాలనుంటే నువ్వే రా. వచ్చిన రోజు నువ్వు గియ్యి." షేవరు చెంప దాటి దవడ మీదికి వచ్చింది. "అల్లుడూ, నువ్వు షాపు మూసేస్తే ఎలా? పిల్లలకి అద్దాలియ్యాలిగా. వెళ్ళు."

అన్న భుజంతో కళ్ళు తుడుచుకుని, మిగతా చెంప కూడా తనే గీశాడు. కిందికి వెళ్ళి వ్యానుని పంపించేశాడు. సాయంత్రం బయల్దేరేముందు అల్లుడి దగ్గర షేవరు విప్పడం, కడగడం నేర్చుకున్నాడు. తండ్రి రమ్మన్నట్టే, నెల తిరక్కుండా వస్తూనే ఉన్నాడు.

వానలు వెళ్ళి ఎండలు ముదిరాయి. ఒక పొద్దున షేవరు మాట్లాడలేదు.

ఉత్తినే గుయ్యిమంది. అల్లుడు ఆపి విప్పి చూశాడు. లోపల శుభ్రంగా ఉంది. చార్జింగు నిండా ఉంది. జాలీని వెలుతురుకి పెట్టి చూశాడు, చీలిక లేదు. మళ్ళీ గీశాడు. రెండు చెంపలూ అయిపోయినా ఒక్క మాట రాలేదు. డిపోకి ఫోను చెయ్యాలా? చేసి ఏమని చెప్పాలి? నూనె బొట్టు వేశాడు, తుడిచాడు, అక్కర్లేకపోయినా మళ్ళీ తుడిచాడు.

"మామయ్యగారూ, ఏదో ఒకటి అనండి. తిట్టండి, ఫరవాలేదు."

మామగారి పెదవి ఒక పక్కకి లాగింది. మెడ నరం బిగిసింది. గొంతులోంచి ముందు గాలి వచ్చింది, గాలి వెనక గరగర వచ్చింది. అల్లుడి చేతిలో షేవరు ఆగే ఉంది.

"గ... డ్డం," అన్నాడు మామగారు, నోటితో. నాలుక మడతపడింది. ఆగి, ఊపిరి కూడదీసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. "గడ్డం కింద... వదిలేశావ్."

అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని, మామగారి గడ్డం పైకెత్తి పట్టుకుని, షేవరు ఆన్ చేశాడు. కళ్ళు మసకబారి అతనికి ఏమీ కనిపించడం లేదు.

"ఎక్కడ మామయ్యగారూ?"

"ఎడమ," అన్నాడు మామగారు. "ఇంకొంచెం... కిందికి."