ఎడమ వరుసలో మిగిలిన పీట

"పీట ఇక్కడుంది! మరి కుర్చీ ఏదీ?"

ఎడమవైపు మూడో వరుసలో ఒక సభ్యుడు చిన్న చెక్కపీటను తలమీదికెత్తి ఊపుతున్నాడు. సభాపతి సుత్తి బల్లను కొడుతూనే ఉంది. తలుపులకు బయటి నుంచి గడియలు పడ్డాయి. కుర్చీ సంగతి తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు.

కుర్చీలాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చేతిలోని తుడుపుగుడ్డ చెమటకు తడిసి ముద్దయింది.

లెక్క అయిపోయింది. కుడివైపు నూట ఒకటి, ఎడమవైపు వంద.

ఈ సభలో చేతులెత్తరు, చీటీలు వేయరు. ఎవరి కుర్చీ ఎటుంటే వాళ్ల మాట అటు. మనసు మారిన సభ్యుడు లేచి అవతలికి నడుస్తాడు, వెనకాలే కుర్చీలాయన అతని కుర్చీ మోసుకెళ్తాడు. జబ్బుపడి రాలేనివాళ్ల కుర్చీ వాళ్లు ఆఖరిసారి కూర్చున్న చోటే లెక్కకొస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అతను చేసిన పని ఇదే. అంతకుముందు అతని మేనమామ చేశాడు.

"మొదట్లో కుడీ లేదు, ఎడమా లేదురా అల్లుడూ," అనేవాడు మేనమామ. "అందరం కలిసి చేసిన చట్టాన్ని పైనున్న ఒక్కడు కొట్టేయొచ్చా అని తగువొచ్చింది. కొట్టేయొచ్చన్నవాళ్లు పెద్దమనిషి పక్క మర్యాదగా ఉంటుందని సభాపతి కుడిచేతివైపు పోయి కూర్చున్నారు. కూడదన్నవాళ్లకి మిగిలింది ఎడమవైపు. రోజూ లేచి తిరగడం బద్ధకమై అక్కడే ఉండిపోయారు. ముందు కదిలినవి కుర్చీలు. సిద్ధాంతాలు తర్వాత పుట్టాయి."

ఇవాళ మళ్లీ అదే తగువు. సభ చేసిన ఏ చట్టాన్నయినా అధినేత ఒక్క సంతకంతో రద్దు చేయవచ్చా? ఒక్క కుర్చీ తేడాతో చేయవచ్చని తేలింది. ఆ కుర్చీ టీచరమ్మది; నిన్నటిదాకా ఎడమవైపు ఉండేది.

టీచరమ్మ ఇరవై రోజులుగా ఆసుపత్రిలో ఉంది. రెండు రోజులుగా స్పృహ లేదు. పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. విరిగిన బల్ల చెక్కతో అతనే ఆమెకు పీట చేసిపెట్టాడు. "ఈ సభలో నా కాళ్లు గాల్లో తేలకుండా ఉన్నాయంటే నీ చలవే తమ్ముడూ," అని నవ్వేది.

పొద్దున ఎనిమిదింటికి అతను కుర్చీలు తుడుస్తుంటే ఒకరు లోపలికొచ్చారు. అతను తలెత్తలేదు. మెరిసే నల్లబూట్లు మాత్రం చూశాడు. గొంతు విన్నాడు.

"ఆ కుర్చీ ఇటు తెచ్చెయ్."

"అమ్మగారు చెప్పారాండీ?"

"నేను చెప్తున్నాగా."

తెచ్చేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి పీట మరిచిపోయాడు. ఆ గొంతు ఎవరిదో మనసులో అనుకోవడానికి కూడా భయమేసింది.

ఇప్పుడు ఈ గోల మధ్యలో సభ కార్యదర్శి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు లాగాడు.

"నాలుగు రోజుల కిందట ఆసుపత్రికెళ్లావు కదా, పళ్లు పట్టుకుని?"

"వెళ్లానండీ."

"అప్పుడు ఆవిడే చెప్పింది. కుర్చీ కుడివైపు వేసెయ్యమంది. అంతే. అర్థమైందా?"

"ఆవిడ లేచి కాదంటేనండీ?"

"నోరు జారావో, నీ ఇంటి తాళాలు సాయంత్రానికి నా బల్లమీద ఉండాలి. నువ్వెక్కడుంటావో నేను చెప్పలేను."

సభవాళ్లిచ్చిన రెండు గదుల ఇల్లు. కాలు విరిగి మంచంలో ఉన్న భార్య పొద్దున్నే ఎకసెక్కెమాడింది: "లోకానికంతా కుర్చీలేస్తావు. నాకు మాత్రం నడుం వాల్చడానికి ఓ మంచి కుర్చీ లేదు." ఇవాళ తెస్తానని మాటిచ్చి వచ్చాడు. ఆమెను ఎత్తుకుని ఏ గుమ్మంలోకి వెళ్లాలి?

పక్కతలుపు కొద్దిగా తెరుచుకుంది. కాపలా మనిషి ఒక కాగితం అందించాడు. కార్యదర్శి చదివాడు. అతని భుజాలు తేలికపడ్డాయి.

"పోయింది," అన్నాడు మెల్లగా. "పావుగంటయింది. ఇంక కాదనేవాళ్లు లేరు. నీ అదృష్టం."

కుర్చీలాయనకు ఒక్కసారిగా చలేసింది. ఇప్పుడు అబద్ధం చెప్తే పట్టుకునేవాళ్లెవరూ లేరు. నిజం తెలిసిన మిగతావాళ్లు నోరు విప్పరు. మిగిలింది తనొక్కడే.

"కుర్చీలాయన్ని ముందుకు రమ్మనండి," అంది సభాపతి గొంతు.

వెళ్లాడు. కళ్లు అలవాటుగా కిందికి వాలాయి. సభాపతి బల్ల కింద మెరిసే నల్లబూట్లు కదలకుండా ఉన్నాయి.

"భయపడకయ్యా," అన్నాడు సభాపతి, పిల్లవాడిని బుజ్జగించినట్టు. "సభకు నిజం కావాలి. ఆ కుర్చీ మోసిందెవరు?"

"నేనేనండీ."

ఎడమవైపు గోల లేచింది. సుత్తి పడింది.

"ఎవరు మోయమన్నారు? ఆవిడే చెప్పింది కదూ?"

'అవునండీ' అన్న మాట గొంతుదాకా వచ్చింది. భార్య మంచం కనిపించింది. దాని పక్కనే, నేలకు అందని రెండు చిన్న పాదాలు కనిపించాయి. అతను గుడ్డను నాలుగు మడతలు పెట్టి బల్ల అంచున ఉంచాడు. పని అయిపోయిన రోజు పెట్టినట్టే.

"కాదండీ. ఆవిడ నాకేం చెప్పలేదు," అన్నాడు. తలెత్తాడు. "పొద్దున ఎనిమిదింటికి మీరొచ్చారు. మోయమన్నది మీరేనండీ, సభాపతి గారూ."

సుత్తి లేచింది గానీ పడలేదు. కాపలావాళ్లు చెరో చెయ్యీ పట్టుకుని అతన్ని పక్కతలుపు గుండా తీసుకుపోయారు. అతను పెనుగులాడలేదు, వెనక్కి చూడలేదు.

ఎడమవైపు మూడో వరుసలో, కుర్చీ లేని ఖాళీలో, ఎవరో పీటను దాని చోట దించారు. దానిమీద రెండు మడమలు అరగదీసిన గుంటలు పక్కపక్కనే ఉన్నాయి.