ఎడమ కన్ను మూసి చదువు

బొబ్బిలిలో పెదనాన్న కళ్ళజోళ్ళ కొట్టులోనే ఉన్నాను, కాని కొట్టు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో తెలియడం లేదు, గోడ అనుకుని చెయ్యి ఆన్చిన చోట విజయనగరంలో నేను పనిచేసే కంటి ఆసుపత్రి వరండా వస్తోంది, వరండా బెంచీల మీద కూర్చున్నవాళ్ళ మొహాలు తడి కాగితం మీద రంగుల్లా అలుక్కుపోయి ఉన్నాయి, నా ముక్కు మీద కళ్ళజోడు లేదు, ఆపరేషన్ చేసి కంట్లో పెట్టిన లెన్సు కూడా లేదు కాబోలు, చిన్నప్పుడు కళ్ళజోడు తీసి స్నానానికి వెళితే లోకం ఎంత కనబడేదో అంతే కనబడుతోంది. అద్దాల బీరువా వెనక ఎత్తు స్టూలు మీద పైడిరాజు పెదనాన్న కూర్చుని పసుప్పచ్చ గుడ్డతో ఒక అద్దాన్ని తుడుస్తున్నాడు. ఆయన పోయాడని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఆ సంగతి ఇద్దరం ఎత్తడం లేదు.

"కూకో నీరజా. పేరు పిలుత్తారు" అంటున్నాడు, ఎవరు పిలుస్తారో అడగబోయి ఆయన చేతిలో మా ఆసుపత్రి టోకెన్ చూసి ఊరుకుంటున్నాను. తన కొట్టులో తనే వరస కోసం కాచుకుని కూర్చోవడం ఆయనకేమీ వింతగా లేదు. నాకు మాత్రం ఆ టోకెన్ వైపు చూడాలంటే తల ఎత్తబుద్ధి కావడం లేదు, ఎందుకంటే నేను అక్కడ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్కసారి కూడా టోకెన్ తీసుకున్నదాన్ని కాను.

నాకు అయిదేళ్ళప్పుడు మొదటి కళ్ళజోడు బిగించింది ఈయనే. నంబరు ఏటేటా పెరిగి మైనస్ పన్నెండు దాకా పోయింది, బళ్ళో అందరూ సోడాబుడ్డీ అని పిలిచేవాళ్ళు, ఏడుస్తూ కొట్టుకొస్తే పెదనాన్న అద్దం అంచులు అరగదీసి అరగదీసి, మందం ఫ్రేము లోపల దాగిపోయేలా చేసి, ఇప్పుడెవడంటాడో సూద్దాం అనేవాడు. మర్నాడు మళ్ళీ అనేవాళ్ళనుకోండి. అయినా ఆ చేతులంటే నాకెంత ఇష్టమో చెప్పలేను, అవి ఇప్పుడు నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పుతున్నాయి.

జోడేదని అడుగుతున్నాడు. నువ్వు వెళ్ళిపోయాక ఆపరేషన్ చేయించుకున్నానని, నల్లగుడ్డు వెనకాల, పుట్టుకతో వచ్చిన కటకానికి ముందు, సన్నటి లెన్సు ఒకటి పెట్టారని, ఇక కళ్ళజోడు అక్కర్లేదని చెబుతున్నాను, చెబుతుంటే ఆయన కొట్టు మూయించినట్టుగా సిగ్గేస్తోంది. ఆయనేమీ నొచ్చుకోవడం లేదు. ఊపిరి నా బుగ్గకు తగిలేంత దగ్గరగా వంగి కంట్లోకి చూస్తున్నాడు.

"ఏటీ కనబడ్డం లేదు."

"కనబడకూడదు పెదనాన్నా. లోపలుంటుంది."

"మరి బాగున్నాదో లేదో నీకెలా తెలుస్తాది?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. నా ఉద్యోగమే అది. ఆపరేషన్ అయ్యి చెకప్‌కు రానివాళ్ళకు ఫోన్లు చేసి, చూపు బాగుందని రావడం మానకండి, లెన్సు పెట్టిన కంట్లో ప్రెషరు చూడాలి, పెట్టిన లెన్సుకూ మీ కటకానికీ మధ్య సందు సరిగా ఉందో లేదో చూడాలి, వెనక పొర చూడాలి, నంబరు పోయింది గాని కన్ను పాత కన్నేనండీ అని రోజంతా చెబుతాను. నిద్రలో లేపితే వచ్చే జవాబు నిద్రలో మాత్రం రావడం లేదు.

ఇంతలో బీరువా పక్క గోడ మీద మా ఆసుపత్రి మెట్ల దగ్గరుండే పోస్టరు వచ్చి నిలబడుతోంది, దాని మీద నా మొహమే, జోడు లేకుండా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, కింద పెద్దక్షరాలతో కళ్ళజోడుకు సెలవు అని. పెదనాన్న చూడకుండా దానికి అడ్డం నిలబడదామని లేస్తున్నాను, నేను ఎటు జరిగితే పోస్టరు అటు జరుగుతోంది, బొమ్మలోని కుడి కన్ను చుట్టూ రంగురంగుల వలయం ఒకటి ఉంది, సాయంత్రమైతే వీధి దీపాల చుట్టూ ఈమధ్య నాకు కనబడుతున్న వలయం లాంటిదే. కనుబొమ మీద తరచూ వస్తున్న నొప్పి కూడా మెల్లగా మొదలవుతోంది. ఎండకు అనుకున్నాను, కంప్యూటరు ముందు కూర్చోవడం వల్ల అనుకున్నాను, ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నాను.

బల్ల మీద ఫోను మోగుతోంది. ఎత్తమన్నట్టు పెదనాన్న గడ్డంతో చూపిస్తున్నాడు, ఎత్తితే అవతల నుంచి వినబడుతున్నది నా గొంతే, జీతానికి తియ్యగా చేసుకున్న గొంతు. "నమస్కారమండీ, కంటి ఆసుపత్రి నుంచి. సంవత్సరం చెకప్‌కి మీరు రాలేదు." బెంచీ మీద అలుక్కుపోయిన మొహాల్లో ఒకటి తేటపడి ఇటు తిరుగుతోంది, ఆమె సాలూరు టీచరు, మొన్న నేను ఫోనులో కోప్పడిన మనిషి, బళ్ళో పరీక్షలున్నాయి వచ్చే వారం వస్తానమ్మా అంటే, చూపు మీదండీ, నాది కాదు అని పెట్టేశాను. నేనేం చెబుతానోనని వింటోంది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రాంగ్ నంబరండీ అంటున్నాను.

చచ్చిన మనిషి ముందు అబద్ధం ఆడి నిలబడ్డం ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుస్తోంది.

"ఎందుకెల్లవమ్మా?" పెదనాన్న మెల్లగానే అడుగుతున్నాడు.

వెళ్ళకపోవడమేమిటి, చూపించుకున్నానని చెబుతున్నాను. మా స్టాఫుకు వరసలో కూర్చునే అలవాటు లేదు. కంట్లో చుక్కలు వేసి కనుపాప పెద్దది చేస్తే ఆ పూటంతా దగ్గరివి కనబడవు, పని ఆగిపోతుంది, అందుకని క్యాంటీన్‌లో టీ తాగుతూ మాతో పనిచేసే వసంత చేత టార్చి కొట్టించుకుంటాం, బాగానే ఉందక్కా అంటుంది, అయిపోతుంది. అదీ చెకప్పేనా అని నన్ను నేను అడుగుతున్నట్టుంది, గొంతు మాత్రం ఆయనది. అప్పుడిక దాచడం చేతకాక ఉన్నదంతా కక్కేస్తున్నాను, మెట్ల దగ్గర పోస్టరు మీద ఉన్నదాన్ని, అందరికీ నన్నే చూపించి ధైర్యం చెబుతారు, నేనే వెళ్ళి నా కంట్లో ఏదో తేడాగా ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్పను, పైగా మా ఇంట్లో నీటికాసులున్నాయని తెలిసి డాక్టరుగారు నాకు మరీ మరీ చెప్పారు, మానకమ్మా అని.

ఆ నీటికాసులు పెదనాన్నవే. కంట్లో ప్రెషరు పెరిగి, నరం ఎండిపోయి, పక్కల నుంచి చూపు మూసుకుపోయి, ఆయన గుమ్మం తగిలి పడేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఆయన తుడుస్తున్న అద్దాన్ని కింద పెట్టి నవ్వుతున్నాడు. "ఊరందరికీ శకునం సెప్పే బల్లి కుడితిలో పడ్డాదట. మనిద్దరం అదే కదమ్మా." తన స్టూలు మూలకు ఎందుకు జరుపుకున్నాడో చెబుతున్నాడు, అక్కడైతే బేరానికొచ్చినవాళ్ళు ఎదర నుంచే రావాలట, పక్క నుంచి వస్తే మనిషున్నట్టు తెలిసేది కాదట. కళ్ళజోళ్ళవాడికే కళ్ళు కనబడవంటే కొట్టుకెవడొస్తాడని సిగ్గుపడి ఊరుకున్నాడట. అదంతా తనను తాను ఆటపట్టించుకుంటున్నట్టే చెప్పి, ఆ నవ్వు మొహంతోనే అడుగుతున్నాడు.

"నువ్వు ఊరందరికీ పోన్లు సేసీదానివి కదా తల్లీ. నాకొక్కపాలి ఎందుకు సెయ్యలేదు?"

ఇంతసేపూ సిగ్గనుకున్నది సిగ్గు కాదని, అసలుది ఇప్పుడు వచ్చిందని నాకు అర్థమవుతోంది. నువ్వే అందరి కళ్ళూ చూసేవాడివి కదా, నీకు నేను చెప్పేదేమిటి అనుకున్నానని గొణుగుతున్నాను. ఆయన కోప్పడితే బాగుండును. అదేమరి, నీకూ ఎవులూ సెప్పరు, అందరూ అలాగే అనుకుంటారు అని మాత్రం అంటూ స్టూలు దిగి, చేతులు చాచి తడుముకుంటూ నా దగ్గరికి వస్తున్నాడు, ఒక్కో అడుగుకీ బీరువా అంచు పట్టుకుంటున్నాడు, ఈ నడక బతికుండగా నేను చాలాసార్లు చూశాను, వయసనుకున్నాను.

అరచెయ్యి తెచ్చి నా ఎడమ కంటి మీద కప్పుతున్నాడు. చిన్నప్పుడు కప్పినట్టే, రెప్పకు తగలకుండా, దొప్పలాగా.

"రెండు కళ్ళూ ఒకదాని తప్పు ఒకటి కాసుకుంటాయమ్మా. ఒక్కదాంతోనే సదువు."

ఎదర గోడ మీద అక్షరాల బోర్డు ఉంది. నేను గడగడా చదివేస్తున్నాను, పై వరస నుంచి కింద వరస దాకా, తడబాటు లేకుండా, చదివేసి మెప్పు కోసం ఆయన వైపు తిరుగుతున్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

"బట్టీ కాదు. సదువు."

ఆసుపత్రిలో రోజూ ఆ బోర్డు కిందే కూర్చునేదాన్ని, నాకు రాకపోతే ఎవరికొస్తుంది. బోర్డు మీద అక్షరాలు వాటంతటవే మారిపోతున్నాయి, ఇప్పుడు అవి నేనెప్పుడూ చూడనివి, పెద్దవి కనబడుతున్నాయి, వాటి కిందివి పాలలో పడ్డట్టున్నాయి, ఆ కిందివి ఉన్నాయో లేవో తెలియడం లేదు. కనబడడం లేదు పెదనాన్నా అంటున్నాను. మళ్ళీ అనమంటున్నాడు. కనబడడం లేదు. ఆ మాట అన్నకొద్దీ ఏడుపు వస్తోంది, ఏడుపుతో పాటు ఏదో బరువు కూడా దిగుతోంది, బెంచీల మీద వాళ్ళందరూ వింటున్నారు, విననీ, వరండా చివర ఎవరో పేరు పిలుస్తున్నారు, పెదనాన్న తన చేతిలోని టోకెన్ నా గుప్పిట్లో పెట్టి మడుస్తున్నాడు, ఎల్లు, నాది దాటిపోనాది అంటున్నాడు, బల్ల మీద ఫోను మళ్ళీ మోగుతోంది.

మెలకువ వచ్చింది. వెల్లకిలా పడుకుని ఉన్నాను, నా అరచెయ్యి నా ఎడమ కంటి మీద దొప్పలా కప్పి ఉంది. తియ్యలేదు. కుడి కంటికి ఎదురుగా క్యాలెండరు కనబడింది, తేదీల అంకెలు కనబడ్డాయి, వాటి కింద తిథులు ఉండవలసిన చోట బూజులాంటి గీత ఒకటి కనబడింది. దేవుడి గూట్లో అమ్మ వెలిగించిన దీపం చుట్టూ వలయం ఉంది. చెయ్యి తీస్తే తిథులు చక్కగా కనబడ్డాయి. మళ్ళీ కప్పితే మళ్ళీ పోయాయి.

"పొద్దున్నే కన్ను నులుముతావేటే? నులమకూడదని నువ్వే కదా అందరికీ సెప్తావు" అంది అమ్మ, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి.

నులమడం లేదని, చూసుకుంటున్నానని చెప్పాను. కుడి కన్ను సరిగా కనబడడం లేదమ్మా అని కూడా చెప్పాను. ఆ మాట కలలో అన్నప్పుడు వచ్చినంత సులువుగా రాలేదు.

తర్వాత ఫోను తీసి, అందరికీ ఇచ్చే ఆసుపత్రి నంబరుకే చేశాను. ఇంకా తలుపులు తీసే వేళ కాలేదు. ఖాళీ గదిలో, నా కుర్చీ ముందు, నా బల్ల మీద, అది మోగుతూనే ఉంది.