ఊరకుక్కకు పట్టాభిషేకం

దేశంలో అత్యవసర పరిస్థితి విధించి ఏడాది కావస్తున్న రోజులలో, ఉయ్యూరు చెరకు రైతు వెంకటకృష్ణారావు గారి పిక్క మీద ఒక ఊరకుక్క తన సొంత అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. రెండు పంచాయతీ ఎన్నికలలో ఓడినా వంగని తల ఆయనది. అది ఇప్పుడు వంగింది. కుక్కకు జడిసి కాదు, సూదికి జడిసి.

నాలుగేళ్ల క్రితం ఇలాగే మరో కుక్క కరిస్తే, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నారు. ఆ తరువాత ఒకనాడు చెరకు బళ్ల మధ్య నడుస్తుండగా కుడికాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతి కాలికి తెలియలేదు. మర్నాటికి నడుము కింది రాజ్యమంతా ఆయన ఆజ్ఞను ధిక్కరించింది. నెలల తరువాత కాళ్లు వచ్చాయి. మరుసటేడు చిన్న జ్వరానికే మళ్లీ పోయి, మళ్లీ వచ్చాయి.

ఈ కొత్త కాటు చూపించుకుందామని బెజవాడ వెళ్తే, డాక్టరు తెరేసమ్మ గారు ఆయన మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూసి నిట్టూర్చారు.

"ఆ కుక్కకాటు సూదిమందు గొర్రె మెదడుతో చేస్తారండీ. మీ రక్తంలో టి కణాలని కాపలావాళ్లుంటారు. వాళ్లు గొర్రె మెదడుని శత్రువనుకుని గుర్తుపెట్టుకున్నారు. మీ నరాల మీద పూత కూడా అచ్చం అలాగే ఉంటుంది. తేడా తెలీక దాని మీద పడ్డారు."

"అంటే నాకూ గొర్రెకీ తేడా లేదంటారా?"

"వాళ్ల లెక్కలో లేదండీ." ఆమె నవ్వలేదు. "మళ్లీ సూదులేస్తే ఈసారి ఊపిరిదాకా రావచ్చు. వెయ్యకపోతే, కుక్కకి పిచ్చుంటే, ఇంక చేసేదేం లేదు. దాన్ని కట్టేసి పది రోజులు చూడండి. బతికుంటే సూదులక్కర్లేదు. తిండి మానేసినా, చొంగ కార్చినా వెంటనే వచ్చెయ్యండి."

ఆనాటి నుంచి పశువుల కొట్టంలో కుక్కకు పట్టాభిషేకం. మెడలో గొలుసు, ముందు పెరుగన్నం. ఏ ఓటరుకూ దక్కని మర్యాద. రావు గారి మంచం కొట్టం ముందుకు మారింది. కుక్క ఆవలిస్తే ఆయనకు చెమటలు. అది నీళ్లు ముట్టకపోతే ఆయనకు ముద్ద దిగదు.

"ఇన్నేళ్లలో నన్నొక్కనాడైనా తిన్నావా అని అడిగారా?" అన్నది భార్య రామతులసి.

"నువ్వు కరిస్తే అడిగేవాణ్ణే."

ఏడోనాడు కుక్క అన్నం వాసన చూసి మొహం తిప్పుకున్నది. రావు గారు మంచం మీంచి దిగ్గున లేచారు. ఇటు కుక్క చావు, అటు గొర్రె చావు! బండి కట్టమని కేకవేశారు.

"కంగారుపడకండి," అన్నది రామతులసి తలుపు చాటు నుంచి, కాస్త సిగ్గుగా. "పొద్దున జున్నంతా దానికే పెట్టాను. ఇంకా ఆకలెక్కడిది?"

పదకొండవనాటి ఉదయం కుక్క నిక్షేపంగా తోక ఊపింది. రావు గారు స్వహస్తాలతో గొలుసు విప్పి, "పో మహారాజా!" అని, ఏనాడూ గెలవని ఎన్నికల ఊరేగింపు ఆనాడే జరిగినట్టు, ఛాతీ విరిచి వీధిలోకి నడిచారు.

"మీ వెనకాలే వస్తోందండోయ్!" రామతులసి పకపక నవ్వింది.

ఆయన దర్జాగా వెనుదిరిగారు. కుక్క నోట ఆయన కుడికాలి చెప్పు ఉన్నది.

అరుగు మీద రామతులసి ఇంకా నవ్వుతూనే ఉన్నది. ఆయన మాత్రం తన కాలి వంక చూసుకోవడానికి సాహసించలేదు.