కుప్పుస్వామికి మాట వచ్చిన రోజు

తిరుపతిలో ఒక ఆసుపత్రి వెనక గదిలో, మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే చదువు చదువుతోంది శకుంతల. ఆమెకు అప్పగించిన మొదటి రోగి కుప్పుస్వామి. పక్షవాతం కొట్టి మూతి వంకరపోయింది, కుడిచెయ్యి వేలాడుతోంది. ఎంత పెనుగులాడినా నోట్లోంచి "బ్బ... బ్బ" తప్ప రాదు. కంచం చూపించి, పెదవులు కదిపి చూపించి, "అన్నం" అనిపించాలని శకుంతల తంటాలు పడేది. ఒకరోజు ఆ మాట రాక ఆయన బొటబొటా ఏడ్చాడు. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. "ఈయన నోట ఒక్క మాట పలికించు సామీ, నా తలనీలాలు ఇస్తాను" అని కొండవైపు తిరిగి మొక్కుకుంది.

తర్వాతి వారం కుప్పుస్వామి "అ...న్నం" అన్నాడు. మొక్కు ఆలస్యం చేస్తే వడ్డీకాసులవాడు ఊరుకుంటాడా? మర్నాడే కొండ బస్సెక్కింది. కల్యాణకట్టలో ఆమె బారెడు జడ రాలిపోతుంటే వాళ్లమ్మ వసంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శకుంతల మాత్రం నవ్వుతూనే కొండ దిగింది.

గుండు మీద గంధం పూర్తిగా ఆరకముందే క్లాసుకు వెళ్లింది. పాఠం చెప్పే జయరావు సారు పక్కన కుప్పుస్వామి నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. మూతి వంకర లేదు, చెయ్యి వేలాడడం లేదు.

"ఈయన చిత్తూరు పక్క భారతం నాటకాల్లో ద్రౌపది ఏసం కడతాడు. ఊరూరా ఏడవాల్సిందే! నేనే పిలిపించినాను," అన్నాడు సారు గర్వంగా. "నిజం రోగి ముందర మీరు తడబడకుండా సాధన. ఈడ తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు గదా!"

క్లాసంతా చప్పట్లు కొట్టింది. శకుంతల చెయ్యి నెత్తి మీదికి పోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయి. ఇంత మోసమా అని ఒళ్లంతా మండింది.

"నీకు మాట రావాలనే ఈ జుట్టు ఇచ్చినాను," అంది కుప్పుస్వామితో. "ఆ పొద్దు ఏడిస్తివే, అది గూడా ఏసమేనా?"

ఆయన ముఖం వాడిపోయింది. "నాకు తెలీదు పాపా. సారు సెప్పినట్టు సేసినాను," అని చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటినీ ఆమె నమ్మలేదు.

సోమవారం కుప్పమ్మ అనే ముసలామెను తీసుకొచ్చారు. "ఈమె నిజం రోగేనమ్మా," అని సారు ఒట్టేసి చెప్పాడు. కుప్పమ్మ కంచం వైపు చూస్తూ, రాని మాట కోసం గింజుకుంది. చెంపల మీద నీళ్లు జారాయి.

శకుంతల కంచం బల్ల మీద పెట్టేసింది. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, ఈమె ఎంత బాగా ఏడుస్తోందో అని చూస్తూ కూర్చుంది.