శ్యామలమ్మ బ్యూరోలో ఎప్పుడూ తొంభై తొమ్మిదే

కార్ఖానా బస్తీలోని శ్యామలమ్మ మ్యారేజ్ బ్యూరోలో ఎవరికీ వయసు పెరగదు. ఊరంతా రెండు వేల ఐదులో బతుకుతుంటే, మేడ మీది ఆ ఒక్క గదిలో మాత్రం తొంభై తొమ్మిదే నడుస్తోంది. బట్టతల పెళ్లికొడుకులు ఆయాసపడుతూ మెట్లెక్కి లోపలికొచ్చి, పడుచు కుర్రాళ్లయి బయోడేటా కాగితం ఊపుకుంటూ దిగిపోయేవాళ్లు. ఇంత గొప్ప వైద్యం జంట నగరాల్లో ఏ ఆస్పత్రిలోనూ లేదు.

కనిపెట్టింది రాజబాబు. అనకాపల్లి నుంచి వచ్చి, నేరేడ్‌మెట్‌లో గది తీసుకుని, రెజిమెంటల్ బజార్‌లో కంప్యూటర్లు రిపేరు చేస్తుంటాడు. బ్యూరోకి సంబంధాలు కలిపే సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన యేసురాజు అనేవాడు దానికి ఏడాది గడువు పెట్టి, ఆ గడువు తీరకముందే బెంగళూరు వెళ్లి మాయమైపోయాడు. గడువు దాటిన రోజు సాఫ్ట్‌వేర్ తెరుచుకోనని మొరాయించింది. రాజబాబు కంప్యూటర్ తారీఖును వెనక్కి తిప్పాడు. బుద్ధిగా తెరుచుకుంది. ఒకసారి తెరుచుకున్నాక మళ్లీ గడువు సంగతి అడిగేది కాదు. అప్పట్నుంచి డిసెంబరు దగ్గరపడినప్పుడల్లా వచ్చి, దాన్ని మళ్లీ తొంభై తొమ్మిది జనవరికి తోసి, టీ తాగి వెళ్లేవాడు.

తారీఖు ముందుకు నడవకపోతే వయసూ నడవదు. మనిషి పుట్టి ఎన్నేళ్లయిందో సాఫ్ట్‌వేర్ ఆ తారీఖును బట్టే లెక్కేసేది. కాగితం మీద పుట్టినరోజు కూడా వేయించాలన్న ఆలోచన యేసురాజుకు రాలేదు. వయసొక్కటే పడేది. అది అబద్ధమని శ్యామలమ్మకు తెలుసు. కానీ మంచి జరుగుతుంటే గడియారానికి అడ్డుపడే మనిషి కాదామె.

రాజబాబు పేరు కూడా అందులోనే ఉంది. ఆరేళ్లుగా ఇరవై ఎనిమిది దాటకుండా నిలబడ్డాడు. వచ్చిన సంబంధాలు కాగితం చూసి వచ్చేవి, మనిషిని చూసి వెళ్లిపోయేవి. అతను పెద్దగా బాధపడలేదు, వసుధ ఫొటో చూసేవరకూ. చూశాక మాత్రం ముసలి హార్డ్ డిస్కులాగా లోపల ఏదో టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. వాళ్లది ఇక్కడి పాత కుటుంబం. కులం కలిసింది, యాస కలవలేదు. వసుధ నాన్న వీరయ్య రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇంకెక్కడో తీసిన కాగితం ఆయన నమ్మడు. అబ్బాయిదీ అమ్మాయిదీ రెండు కాగితాలూ ఆదివారం తన కళ్లెదుట మిషన్లోంచి బయటికి రావాలన్నాడు. అవి సరిపోతేనే మాటన్నాడు.

సరిగ్గా ఆ వారమే శ్యామలమ్మ పాత కంప్యూటర్‌కు సెలవిచ్చి కొత్తది కొనేసింది. లోపల విండోస్ ఎక్స్‌పీ, పైన కుంకుమ బొట్టు. యేసురాజు సాఫ్ట్‌వేర్‌ను ఆ ఎక్స్‌పీ గడప కూడా తొక్కనివ్వలేదు. రాజబాబు శనివారమంతా దాన్ని బతిమాలాడు. చివరికి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఇది విండోస్ తొంభై ఎనిమిదేనని దానికి అబద్ధం చెప్పించాడు. కొత్త కోడలిని అద్దింటికి తెచ్చి, ఇది మీ పుట్టిల్లేనమ్మా అని నమ్మించినట్టే. నమ్మింది. ఆ వెంటనే తారీఖు వెనక్కి తిప్పాడు. ఆ కంగారులో టైము కూడా తిరిగిపోయిన సంగతి చూసుకోలేదు.

ఆదివారం వీరయ్య వచ్చాడు, పక్కన వసుధ. ఫొటోలోకన్నా బయట ఆమె చూపు కాస్త వాడిగా ఉంది. రాజబాబు మౌస్ పట్టుకుని ముందు తన కాగితం తీశాడు. వయసు ఇరవై ఎనిమిది. వీరయ్య దాన్ని కింద నుంచి పైకీ పై నుంచి కిందకీ చదివి తలూపాడు. వసుధ మాత్రం ఆ అంకె చూసి ముఖం ముడుచుకుంది.

అంతలో వీరయ్య చూపు తెర మూల మీద పడింది.

"గడియారం నలభై నిమిషాలు ఎనక నడుస్తున్నది," అన్నాడు, పట్టాలు తప్పిన బండిని చూసినట్టు. "గిట్ల నడిస్తే బండ్లు గుద్దుకోవా? బిడ్డా, జెర సరిజెయ్యి."

తాను చేస్తానని రాజబాబు అనేలోపే వసుధ మౌస్ అందుకుంది. బడి ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల. గడియారం తెరిచింది. ఒక్క క్షణం ఆగింది. రాజబాబు వైపు చూసింది. టైముతో పాటు సంవత్సరం కూడా సరిచేసి మూసేసింది.

తర్వాత ఆమె కాగితం వచ్చింది. వయసు ముప్పై రెండు.

వీరయ్య దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. కూతురికి ఇరవై ఆరని ఆరేళ్లుగా అందరికీ ఇదే బ్యూరో కాగితం చూపిస్తున్న మనిషాయన. కొత్త మిషన్‌కు ఇంకా లెక్కలు అలవాటు కాలేదని శ్యామలమ్మ సర్దబోయింది.

"మీది సుత మల్లొకసారి తియ్యండి," అంది వసుధ.

"ఒకసారి తీసేసేం కదండీ, కాగితం దండగ," అన్నాడు రాజబాబు.

"తియ్యండి."

తీశాడు. ముప్పై నాలుగు.

వసుధ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. "ఆరేండ్ల సంది నన్ను చూడనొచ్చినోళ్లందరికీ ఇరవై ఎనిమిదే. అందరికీ బట్టతలే. గది బోరు నీళ్లతోటి అయితుందని భయపడి మా నాన్న ఇంట్ల మోటర్ సుత మార్పిచ్చిండు. ఇది మీరు చేసిన పనేనా?"

"నేనేనండి. మానేద్దామనే అనుకుంటన్నానండి, పెళ్లి కుదిరేక."

వీరయ్య లేచి నిలబడ్డాడు. రాజబాబు తల దించుకుని, రాబోయే తిట్ల కోసం నేల మీద చోటు చూసుకున్నాడు.

"కూసో నాన్నా," అంది వసుధ. "నాకన్న నాలుగేండ్లు చిన్న పోరగాన్ని చేసుకోనని చెప్పనీకే వచ్చిన ఇయ్యాల. ముప్పై నాలుగైతే నాకేం తక్లీఫ్ లేదు."

వీరయ్య కూర్చున్నాడు. ఇంకేం చూడాలో తోచక తెర మూలన గడియారం చూశాడు. అది సరిగ్గానే నడుస్తోంది. సరేనన్నాడు.

శ్యామలమ్మ వాళ్లకు టీ చెప్పడానికని లేచి, రాజబాబు చెవి దగ్గర ఆగింది. కింద యాభై దాటిన పెళ్లికొడుకొకాయన ఎదురుచూస్తున్నాడట, ఆ తారీఖు ఒక్కసారి వెనక్కి తిప్పమంది. అలవాటు కొద్దీ అతని చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది.

"లగ్గమయ్యేదాకా దాని జోలికి పోకుండ్రి," అంది వసుధ, కాగితాలు మడుస్తూ. "మల్ల చిన్నగైతే నేను చేసుకోను."

రాజబాబు కరెంటు షాకు కొట్టినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.