మంచి పాదం

ముప్పై ఏళ్లుగా పాదాల వ్యాపారం చేస్తున్న అత్తకు, మనుషులు చెప్పేదాని కంటే వాళ్లు విప్పిన బూట్ల మీదే నమ్మకం ఎక్కువ. ఎవరొచ్చినా ముందు బూటు తిరగేసి, అరిగిన చోట బొటనవేలితో తడిమేది. "ఎడమకాలికి అంత చాకిరీ ఏంటండీ, కుడికాలు మీ ఇంటి అల్లుడా?" అనేది. వచ్చినవాళ్లు నవ్వేలోపు పాదం అచ్చు తీసి, దానికి తగ్గ లోపలి సోలు చేసి బూటులో అమర్చి పంపేది. బూట్లేసుకుని ఆడే పెద్ద నాట్య బృందం వాళ్లందరికీ సోళ్లు ఆమె చేతి మీదుగానే వెళ్లేవి.

ఆ రోజు ఆ బృందాన్ని నడిపే మాస్టారు వెంటబెట్టుకొచ్చింది ఆమె మేనకోడలినే. అన్న కూతురు, నాలుగేళ్లుగా అత్త ఇంట్లోనే ఉండి బృందంలో నాట్యం చేస్తోంది. మూడు వారాల్లో పర్యటన మొదలు. ముందు వరుసలో ఒక్క చోటు ఖాళీగా ఉంది. ఈ పిల్లకేమో చీలమండ లోపలి పక్క ఒకటే నొప్పి.

"వంపు లేని చదును పాదమైతే ఇప్పుడే చెప్పెయ్యండి మేడమ్," అన్నాడు మాస్టారు కుర్చీ లాక్కుంటూ. "ఇంకొకరిని చూసుకుంటా. కుంటేవాళ్లను ఊరూరా మోసుకు తిరగలేను."

అత్త మెత్తటి ఫోమ్ నింపిన పెట్టె నేల మీద పెట్టింది. అందులో నిలబడితే పాదం దిగబడి అచ్చు పడుతుంది. కాకపోతే కాలు వదులుగా ఉండాలి. మేనకోడలు అడుగు పెట్టగానే పిక్క బిగుసుకుంది, వేళ్లు ఫోమ్‌ను పట్టుకున్నాయి, పాదం వంపు విల్లులా లేచింది. అత్తకు కొత్తేమీ కాదు. నాట్యం నేర్చినవాళ్ల పాదం వైపు ఎవరు చూసినా ఇదే వరస. చిన్నప్పుడు గురువుల చూపులకు జడిసి అలవాటైన బిగింపు అది. అందుకే వాళ్లను కబుర్లలో పెట్టి, కాలి సంగతి మరిచిపోయాక అచ్చు తీసేది.

ఈసారి కబుర్లు పెట్టలేదు, ఆ బిగింపుతోనే అచ్చు పడనిచ్చింది.

"అబ్బ, ఏం వంపు!" అన్నాడు మాస్టారు వంగి చూస్తూ. "ఏమంటారు?"

పిల్ల పాత బూట్లు పక్కనే ఉన్నాయి. లోపలి అంచు అరిగి కాగితమైపోయింది. తిరగేసి చూపిస్తే చాలు, చదును పాదమని తెలిసిపోతుంది. అత్త లెక్క వేసుకుంది. నిజం చెబితే చోటు ఇప్పుడే పోతుంది. దాస్తే మూడు వారాలు దొరుకుతాయి, ఈలోగా ఇంట్లో మళ్లీ అచ్చు తీసి గుట్టుగా సోలు మార్చేయొచ్చు. ఎటు చూసినా నష్టం కనిపించలేదు. బూట్లను కాలితో బల్ల కిందకు నెట్టింది.

"మంచి పాదమేనండీ."

సోలు తయారైంది, అచ్చుకు వెంట్రుకవాసి తేడా లేకుండా. నాలుగో రోజు అత్త మెల్లగా కదిపింది.

"ఇంకోసారి అచ్చు తీద్దామే."

"ఎందుకూ? మంచి పాదమని నువ్వేగా అన్నావ్?"

"నొప్పేమైనా..."

"కొత్త సోలు కదత్తా, ఆ మాత్రం ఒత్తుకోదా? నీ సరుకు మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?"

లేని వంపుకు చేసిన సోలు లోపలి పక్కను ఎత్తి, ఒంటి బరువంతా పాదం బయటి అంచు మీదకు తోసేస్తుందని అత్తకు తెలుసు. మర్నాడు చెబుదామనుకుంది. ఆ మర్నాడు రానేలేదు. పదహారో రోజు, గెంతి దిగడంలో పిల్ల పాదం బయటి అంచు ఎముక విరిగింది.

చోటు ఇంకో పిల్లకు వెళ్లింది. మాస్టారు స్వయంగా కొట్టు దగ్గరికొచ్చి, "మీ పనిలో వంక లేదు మేడమ్, పిల్ల ఎముకే బలహీనం," అని కొత్త పిల్ల కొలతలకు రోజు ఖాయం చేసుకుని వెళ్లాడు. అత్త తలూపింది.

ఇంటికొచ్చేసరికి మేనకోడలు కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుంది.

"అత్తా, ఒకటి చెప్పనా? ఆ రోజు వంపు కావాలనే లాగి పట్టా. ఆయన చూస్తున్నాడని."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే."

"నిన్ను మోసం చేశాననుకుని పదహారు రోజులు పళ్లు బిగించుకున్నా. నొప్పంటే మళ్లీ కొలుస్తావ్, దొరికిపోతానని. నువ్వేమో అన్నీ తెలిసి సోలు చేతిలో పెట్టావ్."

"నీ చోటు పోతుందనే..."

"చదును పాదాలతో ఆడేవాళ్లు లేరా? సరైన సోలు పడితే చాలని డాక్టరన్నాడు."

ఆ ముక్క అత్తే కొట్లో వందమందికి చెప్పి ఉంటుంది. మాస్టారి మొహం మీద చెప్పడానికే నోరు రాలేదు.

"పరాయి పిల్లనైతే ఆయనకు నిజం చెప్పేదానివి కదా?"

"చెప్పేదాన్ని," అంది అత్త.

ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినపడిన నిజం అది. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. మేనకోడలు దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగింది.